వచ్చే సీజన్‌లో ఈ ఫార్వర్డ్ ఎంత ఆడగలడు? కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అంచనా వేసే పద్ధతి

అమెరికాలో పిల్లలను కాలేజీలో చేర్చిన తెలుగువారి ఇళ్లలో అక్టోబరు రాగానే ఒక చర్చ మొదలవుతుంది. ‘నిరుడు సగటున ఏడు పాయింట్లు చేసిన మన ఫార్వర్డ్ ఈ ఏడాది ఏం చేస్తాడు?’ అని పిల్లలు అడుగుతారు. ఫార్వర్డ్ అంటే కోర్టులోని ఐదుగురిలో సాధారణంగా పొడవుగా ఉండి, బాస్కెట్ దగ్గరా పక్కలనుంచీ ఆడేవాడు. క్రికెట్ సగటులు చూసి పెరిగిన తండ్రి వెంటనే ఒక అంకె చెప్పేస్తాడు. ఆ అంకె దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. చివరి ఐదు ఓవర్లలో వచ్చి బాదే బ్యాటర్‌ను ఓపెనర్‌గా పంపితే పాత సగటు ఎంత పనికొస్తుందో ఇక్కడా అంతే. పాయింట్ల సగటు మన పట్టికలో చివరి గడి. దాన్ని చివరికే నింపాలి. మొదట నింపవలసింది నిమిషాల గడి.

ఈ పద్ధతి నేను కొన్నేళ్లుగా ఒక నోటుపుస్తకంలో చేస్తున్నదే. ఉదాహరణకు అయోవా విశ్వవిద్యాలయం జట్టును ఎక్కువగా వాడుకుంటాను. కీగన్ మరీ, క్రిస్ మరీ అనే కవలలు ఏడాది తేడాతో ఒకే జట్టులో, ఒకే రకమైన ఖాళీలోకి అడుగుపెట్టారు. అంచనాలు నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ముందు అతడు జట్టులో ఉంటాడా?

ఒకప్పుడు ఈ ప్రశ్నే ఉండేది కాదు. జట్టు మారిన ఆటగాడు ఏడాదిపాటు ఆట మానుకుని కూర్చోవలసి వచ్చేది. 2021 నుంచి ఒకసారి మారినా వెంటనే ఆడవచ్చన్నారు, 2024లో ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. దానికి తోడు 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకునే హక్కు అమ్ముకుని డబ్బు సంపాదించుకోవచ్చు. దాంతో సీజన్ ముగిసిన కొద్ది వారాల్లోనే సగం జట్టు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (జట్టు మారదలచినవాళ్ల జాబితాలో) కనిపించడం మామూలైపోయింది.

మరో తలుపు ఎన్‌బీఏ డ్రాఫ్ట్, అంటే వృత్తి లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం. పేరు ఇచ్చి, జట్ల అభిప్రాయం విని, గడువులోగా వెనక్కి తీసుకునే వెసులుబాటు ఉంది. డేటన్ విశ్వవిద్యాలయం ఫార్వర్డ్ ఓబీ టాపిన్ 2019లో అలాగే పేరిచ్చి వెనక్కి వచ్చాడు. మరుసటి సీజన్‌లో సగటున 20 పాయింట్లు చేసి దేశంలో అత్యుత్తమ ఆటగాడి పురస్కారాలు అందుకున్నాడు. అతడు వెళ్లిపోతాడని మే నెలలోనే లెక్క కట్టినవాళ్ల కాగితాలు చిత్తుబుట్టలోకి పోయాయి. కాబట్టి జూన్ మధ్య దాటేదాకా ఏ జాబితానూ నమ్మకండి.

200 నిమిషాల పద్దు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. కాలేజీ పురుషుల ఆట రెండు సగాలు, ఒక్కోటి 20 నిమిషాలు. కోర్టులో ఐదుగురు. అంటే అదనపు సమయం పడని ఏ ఆటలోనైనా ఒక జట్టు పంచుకోవలసినవి సరిగ్గా 200 నిమిషాలు. ఒకరికి పెరిగితే మరొకరికి తగ్గాలి. ఇంటి ఖర్చుల పద్దులాగే ఇందులోనూ అప్పు పుట్టదు.

నోటుపుస్తకంలో రెండు నిలువు వరుసలు గీయండి. ఎడమవైపు నిరుడు ఎవరు సగటున ఎన్ని నిమిషాలు ఆడారో రాయండి. వెళ్లిపోయినవాళ్ల పేర్లు కొట్టేసి, వాళ్ల నిమిషాలు కూడండి. అదే ఖాళీ. కుడివైపు ఆ ఖాళీకి పోటీపడేవాళ్లను రాయండి: కొత్తగా చేరిన పిల్లలు, పోర్టల్ నుంచి వచ్చినవాళ్లు, గాయం మానినవాళ్లు, నిరుడు ఏడాదంతా రెడ్‌షర్ట్‌లో, అంటే ఆడకుండా సాధన చేస్తూ, గడిపినవాళ్లు. ఆ తర్వాత మొత్తం 200 వచ్చేలా పంచండి. పది మందికి తలా 20 వేసి ఊరుకోవద్దు. సంక్రాంతి నాటికి చాలామంది కోచ్‌ల చేతిలో ఎనిమిది, తొమ్మిది మందే మిగులుతారు.

ఫార్వర్డ్ విషయంలో మరో మెలిక ఉంది. ఐదుగురి స్థానాలకు ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి; మూడు, నాలుగు ఫార్వర్డ్‌లవి, ఐదు సెంటర్‌ది. అతడికి తెరిచి ఉన్న ఖాళీ మూడో స్థానంలోనా, నాలుగో స్థానంలోనా, లేక పొట్టి జట్టుతో ఆడేటప్పుడు సెంటర్‌లోనా? మూడు, నాలుగు స్థానాలు రెండూ కలిపితే 80 నిమిషాలు. ఎత్తు ఆరడుగుల ఎనిమిదంగుళాలు అని రాసి ఉన్నంత మాత్రాన అతడు గోల్ (బాస్కెట్) కిందే ఉంటాడని అనుకోవద్దు. అన్నట్టు, జట్లు ప్రకటించే ఎత్తుల్లో బూట్ల మందం తరచూ కలిసే ఉంటుంది. డ్రాఫ్ట్‌కు ముందు జరిగే కొలతల శిబిరానికి వెళ్లివచ్చిన ఆటగాడైతే బూట్లు లేకుండా తీసిన కొలత దొరుకుతుంది, అదే వాడండి.

ఇప్పుడు అయోవా. 2020-21లో వాళ్ల కేంద్రబిందువు లూకా గార్జా. సగటున 24.1 పాయింట్లు. జో వీస్‌క్యాంప్‌వి 14.8. ఇద్దరూ ఆ వేసవిలో వృత్తి క్రీడల్లోకి వెళ్లిపోయారు. ఈ ఇద్దరివే దాదాపు 39 పాయింట్లు. వీరితోపాటు ఇంకో ఇద్దరు వేరే కాలేజీలకు మారిపోయారు. అదే జట్టులో కీగన్ మరీ అప్పుడు మొదటి ఏడాది కుర్రాడు, ఆటకు 18 నిమిషాలు, 7.2 పాయింట్లు. చాలామంది చూసింది ఆ ఏడును. చూడవలసింది అతడి పక్కన ఖాళీ అయిన కుర్చీలను.

పాత అంకెలను ఒకే తూకంలోకి తేవడం

ఆటకు ఎన్ని అన్న లెక్క వదిలి, 40 నిమిషాలకు ఎన్ని అన్న లెక్కలోకి మార్చండి. పాయింట్లను నిమిషాలతో భాగించి 40తో గుణిస్తే చాలు. కీగన్ మొదటి ఏడాది 7.2ను 18తో భాగించి 40తో గుణిస్తే 16. క్రిస్ మొదటి ఏడాది దాదాపుగా బెంచికే పరిమితమై, రెండో ఏడాది 17.9 నిమిషాల్లో 9.7 పాయింట్లు చేశాడు. 40 నిమిషాలకు దాదాపు 21.7.

తర్వాత ఏమైందో చూడండి. 2021-22లో కీగన్ 31.9 నిమిషాల్లో 23.5 పాయింట్లు చేశాడు. 40 నిమిషాలకు 29.5. నిమిషాలూ పెరిగాయి, నిమిషానికి చేసే పాయింట్లూ దాదాపు రెట్టింపయ్యాయి. ఆ వేసవిలో సాక్రమెంటో కింగ్స్ అతణ్ని డ్రాఫ్ట్‌లో నాలుగో ఆటగాడిగా తీసుకుపోయింది. ఆ ఖాళీలోకి తమ్ముడో అన్నో (కవలలు గదా, ఎవరు ముందు పుట్టారన్నది వాళ్లింట్లో తేల్చుకోనివ్వండి) క్రిస్ దిగాడు. దాదాపు 35 నిమిషాల్లో 20.2 పాయింట్లు, 40 నిమిషాలకు సుమారు 23. అంటే క్రిస్ నిమిషానికి చేసే పాయింట్లు పెద్దగా మారలేదు, మారింది సమయమే.

ఒకే ఇల్లు, ఒకే కోచ్, ఒకే ఎత్తు. ఒకరి విషయంలో ఈ లెక్క అతికినట్టు సరిపోయింది, మరొకరి విషయంలో నేల విడిచింది. అందుకే 40 నిమిషాల లెక్క దారి చూపుతుందే తప్ప గమ్యం చెప్పదు. 10 నిమిషాల లోపు ఆడినవాడి విషయంలో దాన్ని అసలు వాడవద్దు. ఆట తేలిపోయాక చివర్లో అలసినవాళ్ల మీద చేసిన నాలుగు పాయింట్లు 40 నిమిషాలకు పెంచితే ఎవరైనా మహావీరుడే.

దీనితోపాటు చూడవలసిన మరో అంకె యూసేజ్ రేటు. అతడు కోర్టులో ఉన్నప్పుడు జట్టు అవకాశాల్లో (బంతి జట్టు చేతికి వచ్చిన ప్రతిసారీ ఒక అవకాశం) ఎన్ని అతడి షాట్‌తోనో, ఫ్రీ త్రోతోనో (ఫౌల్‌కు బదులుగా దక్కే అడ్డులేని షాట్), టర్నోవర్‌తోనో (బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడం) ముగిశాయన్నది ఇది చెబుతుంది. ఐదుగురికి సమంగా పంచితే 20 శాతం. 18 శాతం దగ్గర చక్కగా గురి పెట్టినవాడు 27 శాతం భారం మోసినప్పుడూ అంత చక్కగా ఆడతాడన్న హామీ లేదు. సులువైన షాట్లు ముందే అయిపోతాయి, పెరిగినవన్నీ కష్టమైనవే. టర్నోవర్లు తక్కువగా ఉన్న ఆటగాడు ఈ భారాన్ని బాగా తట్టుకుంటాడని నా అనుభవం. కీగన్ చేతిలోంచి బంతి జారడం అరుదు. నేను ఆ అంకె చూసి కూడా తగినంత బరువు ఇవ్వలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

వయసు కూడా ఒక గడిలో రాయండి. రెండో ఏడాది విద్యార్థి అన్న మాట మోసం చేస్తుంది. కీగన్ 2000 ఆగస్టులో పుట్టాడు, కాలేజీకి ముందు ఒక ఏడాది సన్నాహక పాఠశాలలో గడిపాడు. అందుకే రెండో సీజన్ మొదలయ్యేసరికి 21 నిండాయి. సాటి కుర్రాళ్లకు 19, 20 ఉంటే అతడి ఒళ్లు అప్పటికే గట్టిపడింది. ఇది వచ్చే సీజన్‌కు లాభమే. ఎన్‌బీఏ భవిష్యత్తును లెక్కించేవాళ్లకు మాత్రం అదే అంకె కొంచెం చేదుగా కనిపిస్తుంది.

మూడు పాయింట్ల శాతం చూసి మోసపోవద్దు

నేటి ఫార్వర్డ్‌కు దూరపు షాట్ లేకపోతే నిమిషాలు దొరకడం కష్టం. 2019-20లో పురుషుల కాలేజీ ఆటలో మూడు పాయింట్ల గీతను (దాని అవతలినుంచి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు, అదే త్రీ పాయింటర్) అంతర్జాతీయ దూరానికి, 22 అడుగుల ఒకటిన్నర అంగుళం పైచిలుకుకు జరిపారు. అంతకుముందు సీజన్లతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కు ప్రయత్నాల సంఖ్య. ఓబీ టాపిన్ 2018-19లో 21 సార్లు ప్రయత్నించి 11 వేశాడు. 52 శాతం! మరుసటి ఏడాది 82 ప్రయత్నాల్లో 32, అంటే 39 శాతం. ఆట మెరుగైంది, శాతం తగ్గింది. ఎందుకంటే ఆ 52 మొదటినుంచీ నిజం కాదు. నిజంగా 35 శాతం వేసే ఆటగాడు 21 ప్రయత్నాల్లో అదృష్టం వల్లనే పది శాతం అటూ ఇటూ ఊగడం మామూలు. 100 ప్రయత్నాలకు ఆ ఊపు ఐదు శాతానికి తగ్గుతుంది.

మరి దేన్ని నమ్మాలి? ఫ్రీ త్రోలను. ఎవరూ అడ్డుపడరు, దూరం మారదు, మణికట్టు ఎలా పనిచేస్తుందో తేటగా కనిపిస్తుంది. కీగన్ మొదటి ఏడాది 50 పైచిలుకు త్రీ పాయింటర్లు ప్రయత్నించి 30 శాతానికి కాస్త లోపలే ఆగిపోయాడు. కానీ ఫ్రీ త్రోలు 75 శాతం దగ్గర ఉన్నాయి. ఫార్వర్డ్‌కు అది మంచి చేయి. మరుసటి ఏడాది త్రీ పాయింటర్లు దాదాపు 40 శాతానికి ఎగబాకాయి, ఫ్రీ త్రోలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కాబట్టి త్రీ పాయింటర్ల శాతాన్ని ఉన్నదున్నట్టు రాయకండి. ప్రయత్నాలు వందకు లోపు ఉంటే దాన్ని 34, 35 శాతం వైపు సగం దూరం లాగండి. తర్వాత ఫ్రీ త్రోలు 75 దాటితే కొంచెం పైకి, 65 దాటకపోతే కొంచెం కిందకు జరపండి. ఇది నా చేతిలెక్క, శాస్త్రం కాదు. అయినా ఉన్నదున్నట్టు రాయడం కంటే ఎక్కువసార్లు దగ్గరగా వచ్చింది.

ఫౌళ్లు

చిన్న గడే, కానీ చాలామంది మరిచిపోతారు. ఐదో ఫౌల్‌తో ఆట ముగుస్తుంది. మొదటి సగంలోనే రెండు చేస్తే చాలామంది కోచ్‌లు విరామం దాకా బెంచి మీద కూర్చోబెడతారు. 18 నిమిషాల్లో మూడు ఫౌళ్లు చేసేవాడికి మీరు 32 నిమిషాలు రాశారనుకోండి, లెక్క ప్రకారం ఐదు దాటిపోతాయి. నిమిషాలు తగ్గించి రాయండి.

శబ్దం ఆపి, బంతిని వదిలి చూడండి

అంకెలు పూర్తయ్యాక నిరుటి ఆటలు రెండో మూడో చూడండి. బలమైన జట్టుతో ఓడిన ఆట ఒకటి తప్పక ఉండాలి. బలహీన జట్లను 30 పాయింట్ల తేడాతో ఓడించిన నవంబరు ఆటలు ఏమీ నేర్పవు. వ్యాఖ్యానం శబ్దం ఆపేయండి, లేకపోతే వాళ్ల ఉత్సాహం మీకు అంటుకుంటుంది.

మొదటి పది నిమిషాలు మీ ఆటగాడి పాదాలనే చూడండి. అతడు గోల్ దగ్గర సాయానికి వచ్చి నిలబడ్డాడు. బంతి ఒక్కసారిగా మూలన ఉన్న ప్రత్యర్థి చేతిలో పడింది. మన ఫార్వర్డ్ నాలుగైదు గజాలు పరుగెత్తి అతణ్ని అడ్డుకోవాలి. చివరి రెండు అడుగులు చూడండి. కురచగా పడ్డాయా, నడుము దిగిందా, ఒక చేయి పైకి లేచిందా? అలాగైతే ప్రత్యర్థి షాట్ మానుకుని గోల్ వైపు దూకినా అతడు ఇంకా ఎదురుగానే ఉంటాడు. అలా కాక పెద్ద అంగలతో గాల్లోకి ఎగిరితే ప్రత్యర్థి ఒక్క దొంగ కదలికతో పక్కనుంచి జారిపోతాడు. ఒక ఆటలో ఇలాంటి సందర్భాలు ఎనిమిదో పదో వస్తాయి. గీతలు పెట్టి లెక్కించండి. ఇది ఏ పట్టికలోనూ ఉండదు, కానీ ఆట చివరి ఐదు నిమిషాల్లో కోచ్ ఎవరిని కోర్టులో ఉంచుతాడన్నది చాలాసార్లు దీని మీదే తేలుతుంది.

తర్వాత రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చిన బంతి) పడిన క్షణం. బంతి తన జట్టుకు దక్కగానే అతడు ఏం చేస్తున్నాడు? తల తిప్పి అవతలి గోల్ వైపు మొదటి మూడు అడుగులు ఎవరికంటే ముందు వేస్తున్నాడా, లేక నిలబడి చూస్తున్నాడా? కోచ్ అతడి కోసం ఒక్క వ్యూహమూ గీయకపోయినా పరుగెత్తేవాడికి పాయింట్లు దొరుకుతాయి. ఖాళీ ఏర్పడినప్పుడు ఇలాంటివాడే మొదట పెరుగుతాడు.

పక్కన ఎవరున్నారు?

ఫార్వర్డ్ ఒంటరిగా ఆడడు. 2022లో నార్త్ కరోలినా జట్టు ఫైనల్ దాకా వెళ్లి కాన్సస్ చేతిలో 72-69తో ఓడింది. మొదటి ఐదుగురిలో నలుగురు తిరిగి వచ్చారు. సీజన్‌కు ముందు దేశంలో మొదటి ర్యాంకు ఇచ్చారు. వెళ్లిపోయింది ఒక్కడే, బ్రేడీ మానెక్, త్రీ పాయింటర్లు 40 శాతం వేసే ఫార్వర్డ్. అతడి స్థానంలో నార్త్‌వెస్ట్రన్ నుంచి పీట్ నాన్స్‌ను తెచ్చుకున్నారు. అక్కడ నాన్స్ త్రీ పాయింటర్లు 45 శాతం వేశాడు. ఇక్కడ 32 దగ్గర ఆగిపోయాడు. గోల్ దగ్గర ఆడే ఆర్మాండో బేకాట్ సగటు రీబౌండ్లు 13.1 నుంచి 10.4కు పడ్డాయి. చివరికి ఆ జట్టుకు 68 జట్ల టోర్నమెంటులో చోటే దక్కలేదు. 1985లో టోర్నమెంటును 64 జట్లకు పెంచిన తర్వాత, సీజన్‌కు ముందు మొదటి ర్యాంకులో ఉన్న జట్టుకు ఇలా జరగడం అదే మొదటిసారి.

దీన్నిబట్టి మీ కాగితంలో రెండు ప్రశ్నలు చేర్చండి. అతడికి బంతి అందించే పాయింట్ గార్డ్ మారాడా? అతడి చుట్టూ దూరం నుంచి గురిపెట్టేవాళ్లు ఎందరున్నారు? వాళ్లు లేకపోతే ప్రత్యర్థులు గోల్ దగ్గర గుమిగూడి అతడికి ఊపిరి ఆడనివ్వరు. పోర్టల్ నుంచి వచ్చిన ఆటగాడైతే పాత జట్టు ఆడిన పోటీల స్థాయి కూడా చూడాలి. చిన్న కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల బృందం) నుంచి పెద్దదానికి వచ్చినవాడికి నేను పాయింట్లు కనీసం నాలుగో వంతు కోసేస్తాను.

అక్టోబరు మాటలు

సాధన మొదలవగానే వార్తలు వస్తాయి. ఫలానావాడు ఏడు కిలోల కండ పెంచాడు, షాట్ మార్చుకున్నాడు, నాయకుడిగా ఎదిగాడు. పెళ్లిచూపుల నాడు అబ్బాయి గురించి చెప్పే మాటలకూ వీటికీ తేడా లేదు. రెండే వార్తలు నమ్మండి: గాయం, శస్త్రచికిత్స. ఆ రెండూ కోచ్ దాచాలని చూసేవి.

ఇప్పుడు అంకె

ఆటకు 70 అవకాశాలు వచ్చే జట్టు అనుకుందాం. నిమిషానికి 1.75. మీ ఫార్వర్డ్‌కు 30 నిమిషాలు రాశారు, అంటే అతడు కోర్టులో ఉండగా జట్టుకు 52 పైచిలుకు అవకాశాలు. అందులో అతడి వాటా (యూసేజ్ రేటు) 24 శాతం అయితే 12.6. ఒక్కో అవకాశానికి 1.1 పాయింట్లు రాబడితే మొత్తం 14 దగ్గర. ఇది మధ్య అంకె. నిమిషాలు 26కు, వాటా 20కి, రాబడి 1కి తగ్గిస్తే 9. అదే 30 నిమిషాలు ఉంచి వాటా 28కి, రాబడి 1.15కు పెంచితే 17. కాగితం మీద 9, 14, 17 అని మూడూ రాయండి, పక్కన తేదీ వేయండి. ఒక్క అంకె చెప్పమని ఎవరైనా పట్టుబడితే మధ్యది చెప్పండి, కానీ ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు డ్రాఫ్ట్‌లో ఎన్నో స్థానమో ఇప్పుడే చెప్పకండి.

కీగన్ విషయంలో 2021 అక్టోబరులో నేను రాసుకున్నవి సరిగ్గా ఈ మూడు అంకెలే. నిమిషాలు 30 రాశాను, దాదాపు సరిపోయాయి. పాయింట్లు మాత్రం నా పై అంకెను కూడా ఆరున్నర దాటిపోయాయి. గార్జా వదిలిన షాట్లు అందరికీ తలా కాసిని పంచుతారని అనుకున్నాను. పంచలేదు. పరుగెత్తేవాడికి, బంతి పారేసుకోనివాడికి అవి వాటంతట అవే వెళ్లాయి.

సీజన్ మొదలయ్యాక మొదటి ఆరు ఆటలదాకా కాగితం ముట్టుకోకండి. డిసెంబరు చివర్లో నిమిషాల గడి ఒక్కటి సరిచూడండి, అది నాలుగైదు తేడా ఉంటే తక్కినవన్నీ మళ్లీ లెక్క కట్టండి. త్రీ పాయింటర్ల గడిని కాన్ఫరెన్స్ పోటీలు సగం అయ్యేదాకా మార్చవద్దు. క్రిస్ మరీ చివరి సీజన్‌లో 39 శాతం దగ్గరినుంచి 33 పైచిలుకుకు దిగాడు. అయినా 35 నిమిషాలూ కోర్టులోనే ఉన్నాడు, 20 పాయింట్లూ చేశాడు.